పొక్కు బయట, తుప్పు లోపల: తిరుపతి ఎండావానల్లో పాత కారు పెయింట్ మరమ్మతు

డోరు కింది అంచున వేరుశెనగ గింజంత పొక్కు. గోటితో గిల్లితే పెయింట్ పెచ్చుగా లేచి, కింద నుంచి ఎర్రటి పొడి రాలుతుంది. మామూలుగా అయితే దాన్ని కాస్త గీకి, పుట్టీ పట్టించి, పైన రంగు కొట్టించేస్తారు. దసరాకు మెరిసిన ఆ చోటే సంక్రాంతికల్లా మళ్లీ ఉబ్బుతుంది. తిట్లన్నీ పెయింటర్‌కు పడతాయి. చాలాసార్లు అతని తప్పు సగమే. రేకు వెనక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడకుండా ముందువైపు ఎంత ఖరీదైన రంగు కొట్టినా దాని ఆయుష్షు ఒక్క వానాకాలమే.

తుప్పుకు కావలసినవి ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందుకన్నా రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టే పెయింట్ పైకి లేస్తుంది. పైగా తుప్పు గుల్లగా ఉంటుంది, తేమను పీల్చి పట్టుకుంటుంది. అంటే పెయింట్ కింద కొంచెం తుప్పు మిగిలినా, తనకు కావలసిన తడిని అదే దాచుకుని కూర్చుంటుంది. మరమ్మతులో ప్రతి మెట్టూ ఈ ఒక్క సంగతి చుట్టూ తిరిగేదే.

సముద్రం లేకపోయినా

"మనమేమైనా చెన్నైలో ఉన్నామా, ఇక్కడ తుప్పేమిటి" అనే మాట తిరుపతి, చిత్తూరుల్లో తరచూ వినబడుతుంది. ఉప్పుగాలి లేదన్నంతవరకు నిజమే. కానీ ఈ ప్రాంతానికి పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అల్పపీడనం పట్టిందంటే రోజుల తరబడి ముసురు వదలదు. మే నెల వానైతే గంటలో ఆరిపోతుంది, నవంబరు వాన డోరు లోపల వారాల పాటు ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లలో, డోర్ల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డుల బోలు భాగంలోకి చేరిన ఒండ్రు ఇప్పటికీ ఉండొచ్చు. ఎండినట్టే ఉంటుంది, మొదటి వానకు మళ్లీ నానుతుంది.

ఇంకొకటి సెకండ్ హ్యాండ్ సంగతి. ఇక్కడ తిరిగే పాత మారుతీలు, శాంత్రోలలో చెన్నై నుంచి వచ్చినవి తక్కువేం కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తడ, సూళ్లూరుపేట వైపు తీరప్రాంతం కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. అందుకని నంబర్ ప్లేటు మీద ఏపీ 03 ఉందా, తమిళనాడు నంబరుందా అన్నది చూసి తుప్పు లెక్క వేయలేం. కారు కింద పడుకుని టార్చి వేసి చూడడం ఒక్కటే దారి.

బోరునీళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి. రాయలసీమ బోరునీళ్లలో కరిగిన లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో కారు కడిగి ఎండలో వదిలేస్తే గ్లాసు మీద తెల్ల మచ్చలు పడతాయి కదా, అదే లవణం డోరు అంచుల మడతల్లోనూ పేరుకుంటుంది. కడగడం మానక్కర్లేదు. కడిగాక తుడవాలి, డోర్లు తెరిచి ఆరనివ్వాలి.

ముందు ఎక్కడ చూడాలి

రబ్బరు మ్యాట్ తీసి, కింది కార్పెట్‌నూ ఫెల్ట్‌నూ చేత్తో నొక్కి చూడడంతో మొదలుపెట్టాలి. ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గర తడిగా ఉంటే వాన మీద నేరం మోపే ముందు ఏసీ డ్రైన్ పైపు చూడాలి. అది దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు బయటికి కాకుండా లోపలికి కారతాయి. వేసవిలో ఏసీ రోజూ నడుస్తుంది కాబట్టి, వానచుక్క లేని నెలల్లోనే ఫ్లోరు తుప్పు పట్టడం వింతేమీ కాదు.

ఆ తర్వాత డోర్ల కింది అంచు. ప్రతి డోరుకూ అడుగున రెండు మూడు చిన్న డ్రైన్ రంధ్రాలుంటాయి. గ్లాసు వెంబడి లోపలికి దిగిన నీళ్లు వాటిలోంచే పోవాలి. పాత పెయింట్ పనిలో పుట్టీయో, కారు అడుగున కొట్టే అండర్ కోటింగో వాటిని మూసేసి ఉండడం చాలా కార్లలో కనిపిస్తుంది. పైన చేసిన మరమ్మతే కింద తుప్పు పుట్టించిందన్నమాట. సన్నటి ప్లాస్టిక్ టైతో వాటిని తెరవాలి. ఇనుప తీగ వాడితే రంధ్రం అంచున పెయింట్ గీసుకుపోతుంది.

వైపర్ల కింద గ్రిల్ దగ్గర వేపాకు, చింతాకు చేరి నీటిదారి మూసుకుంటుంది. చెట్టు నీడ కోసం వెతికి కారు పెట్టేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. రబ్బరు బీడింగుతో అద్దం బిగించిన మారుతీ 800 లాంటి కార్లలో విండ్‌షీల్డ్ కింది రెండు మూలలు, డిక్కీలో స్టెప్నీ గుంట, చక్రాల పైన మడ్‌గార్డ్ లోపలి మడత, బ్యాటరీ ట్రే కూడా చూడాలి. బ్యాటరీ ట్రేది నీటి తుప్పు కాదు, ఆసిడ్ తుప్పు. అరలీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి పోసి, నురగ ఆగేదాకా ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే అక్కడ గీకుడు మొదలుపెట్టాలి.

అయస్కాంతం ఒకటి వెంట ఉంచుకోవాలి. పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే, అది పట్టు వదిలే చోట రేకు మీద మందంగా పుట్టీ ఉన్నట్టే. కొనబోయే కారుకు ఇది మంచి పరీక్ష.

మూడు రకాలు, మూడు తీర్పులు

రంగు పోయిన చోట పల్చగా ఎర్రబారి, వేలితో రుద్దితే సాఫుగా తగిలేది పై తుప్పు. ఇది ఇంట్లోనే అయ్యే పని. పెయింట్ పొక్కి, గీకితే రేకు మీద గుంటలు కనిపించేది రెండో రకం. ఓపిక ఉంటే ఇదీ ఇంట్లో అవుతుంది, కానీ ఆ పొక్కు లోపలి వైపు నుంచి వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. డోరు ప్యాడ్ (లోపలివైపు అట్ట) విప్పి వెనక చూడకుండా దీన్ని మొదలుపెట్టకపోవడమే మేలు. స్క్రూడ్రైవర్ మొనతో ఓ మోస్తరుగా నొక్కితే లోపలికి దిగిపోయేది మూడోది. అక్కడ రేకు అయిపోయింది. పుట్టీ, ఎంసీల్, ఫైబర్ గుడ్డ ఏది పెట్టినా కన్ను కప్పడమే.

మూడో రకం రన్నింగ్ బోర్డులో, జాకీ పెట్టే చోట, సస్పెన్షన్ బిగింపుల దగ్గర, సీటు బెల్టు బోల్టు చుట్టూ కనబడితే అది అందం సమస్య కాదు, ప్రాణానికి సంబంధించినది. తుప్పు రేకును మంచి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. గ్యాస్ వెల్డింగ్ కన్నా సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే కరెంటు) వెల్డింగ్ చేసే టింకర్, అంటే రేకు పనివాడు, దొరికితే రేకు వంకర తక్కువ పోతుంది. మంట పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించడం, కార్పెట్, ఫెల్ట్ బయట వేయించడం, ఫ్లోరు కింద పోయే పెట్రోలు పైపు ఎటు ఉందో చూపించడం యజమాని దగ్గరుండి చేయించుకోవాలి. పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లే కారైతే ఈ పని ముందే చేయించాలి, కారు పరిస్థితిని అక్కడ చూస్తారు.

గీకడం

చోటును షాంపూనీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక, పెయింట్ షాపులో దొరికే వాక్స్ రిమూవర్‌తోగానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగానీ తుడవాలి. కిరోసిన్, డీజిల్ వద్దు, జిడ్డు పొర వదులుతాయి. తుప్పును తీసే ముందే జిడ్డు తీయడం ఎందుకంటే, ఎమరీ పేపర్ ఆ జిడ్డును గీతల లోతుల్లోకి రుద్దేస్తుంది. తర్వాత ఎంత తుడిచినా రాదు, పెయింట్ అక్కడ చేపకన్నుల్లా గుంటలు పడుతుంది.

80 నంబరు పేపర్‌తో తుప్పును, దాని చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి పెయింట్‌నూ తీసేయాలి. పొక్కు ఎంత ఉందో అంతే గీకి వదిలేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. తుప్పు పెయింట్ కింద వేర్లలా పక్కకు పాకి ఉంటుంది, మెరిసే రేకు చుట్టూతా కనబడేదాకా ఆగకూడదు. డ్రిల్ మిషన్‌కు వైర్ బ్రష్ తగిలించి వాడేటప్పుడు ఒక మోసం ఉంది: తీగలు గుంటల్లోని తుప్పును తీయకుండా దాన్నే పాలిష్ చేస్తాయి. నల్లగా నిగనిగలాడితే శుభ్రమైందని అనుకుంటారు. సూదిమొనతో గుంటలో గెలికి, పొడి వస్తుందో లేదో చూడాలి.

గుంటల్లో ఎంతకీ పోని తుప్పుకు రస్ట్ కన్వర్టర్ ఉంది. ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్నది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా, టానిక్ ఆసిడ్ ఉన్నది నీలినలుపు పొరగా మారుస్తుంది. రెండూ పల్చటి తుప్పు మీదే పనిచేస్తాయి, మందపు పెచ్చుల మీద పోస్తే పైపొర మాత్రమే మారి లోపల ఎరుపు అలాగే ఉంటుంది. ఫాస్ఫారిక్ రకం వాడాక డబ్బా మీద చెప్పినట్టు కడగాలా, తుడవాలా అన్నది తప్పకుండా పాటించాలి, మిగిలిన ఆసిడ్ మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగా గట్టిపడదు. చింతపండు, నిమ్మకాయలతో కూడా తుప్పు పోతుందని వీడియోలు తిరుగుతుంటాయి. పోతుంది, నిజమే. ఇత్తడి చెంబుకు సరిపోతుంది. కారు రేకు మడతల్లో ఆ పులుపు మిగిలిపోతే మర్నాటికి కొత్త తుప్పు తయారు.

చివరగా అంచులు. రేకుకూ పాత పెయింట్‌కూ మధ్య మెట్టు వేలికి తగలకూడదు. 80 తర్వాత 180, ఆపైన 320 పేపర్‌తో, చెక్కముక్కకు చుట్టి, బయటి వైపుకు పల్చన చేసుకుంటూ పోవాలి. ఇక్కడ దాచుకున్న పది నిమిషాలు రంగు వేశాక వలయంలా కనబడతాయి.

పుట్టీ దగ్గరే పని చెడేది

గీకిన రేకును రాత్రంతా వదిలేయడం ఒక పెద్ద తప్పు. నవంబరు గాలిలో కొన్ని గంటలకే కంటికి కనబడీ కనబడని పల్చటి తుప్పు పడుతుంది. గీకిన రోజే ప్రైమర్ పడాలి. అది రెడాక్సైడ్ కాకూడదు. గేట్లకు, గ్రిల్స్‌కు కొట్టే ఆ రెడాక్సైడ్ తేమను పూర్తిగా ఆపదు, పైన వేసే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు థిన్నర్ తగిలితే ముడతలు పడొచ్చు. బోసి రేకుకు ఎపాక్సీ ప్రైమర్, అంటే ప్రైమర్ ఒక డబ్బాలో, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ మరో డబ్బాలో వచ్చేది, సరైనది. అందులో రాలకుండా పట్టే గుణమూ, నీటిని ఆపే గుణమూ రెండూ ఉన్నాయి. డబ్బా మీది నిష్పత్తిలోనే హార్డ్‌నర్ కలపాలి, కంటి అంచనాతో కాదు.

పుట్టీ ఈ ఎపాక్సీ పైన వేయడం మంచి పద్ధతి. ఆసిడ్‌తో రేకును కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ మీద మాత్రం వేయకూడదు, అందులోని ఆసిడ్ పుట్టీ పట్టును చెడగొడుతుంది. పాలిస్టర్ పుట్టీకి హార్డ్‌నర్ బరువులో సుమారు 2 శాతం, అంటే 100 గ్రాములకు 2 గ్రాములు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే పుట్టీ పెళుసవుతుంది, హార్డ్‌నర్‌లో మిగిలిన పెరాక్సైడ్ పైకి ఊరి రంగులో పసుపు మరకలు తేలుతాయి. తక్కువ వేస్తే ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో కలిపిన పుట్టీ మూడు నాలుగు నిమిషాల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి, గుప్పెడు కలిపి సగం పారేయడం కన్నా నిమ్మకాయంత కలుపుకోవడం నయం. కలిపేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా విడి రేకు ముక్క మీద పరిచి నొక్కుతూ కలపాలి, లేకపోతే గాలి బుడగలు చేరి గీకాక సూదిరంధ్రాలు తేలతాయి.

మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకన్నా గుంట ఉంటే అది టింకర్ సుత్తి పని, పుట్టీ పని కాదు.

ఇప్పుడు అసలు విషయం. షెడ్లలో పుట్టీని బకెట్ నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దుతారు. దుమ్ము లేవదు, పేపర్ త్వరగా అరగదు, చేతికి హాయి. కానీ పాలిస్టర్ పుట్టీ నీటిని పీలుస్తుంది. పైకి ఆరినట్టున్నా లోపల తేమ ఉండిపోతుంది, పైన ప్రైమర్ కొట్టి దాన్ని మూసేస్తారు. కింద బోసి రేకే ఉందనుకోండి, తుప్పుకు ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. నాలుగు నెలలకు పొక్కడానికి చాలాసార్లు కారణం ఇదే. పుట్టీని పొడిగానే రుద్దాలి: 80తో ఆకారం, 180తో సాఫు, 320తో ముగింపు. దుమ్ముకు మాస్కు వేసుకుంటే సరి. నీళ్లతో రుద్దడం ఆ తర్వాత ప్రైమర్ సర్ఫేసర్ (రంగుకు ముందు పుట్టీ మీద కొట్టే పూత) మీద, అది గట్టిపడ్డాక, 600 నుంచి 800 వాటర్ పేపర్‌తో చేయొచ్చు. పెయింటర్‌తో మాట్లాడుకునేటప్పుడే "పుట్టీ మీద నీళ్లు పోయొద్దన్నా" అని చెప్పుకోవడం మంచిది. ఆలస్యమవుతుందని ఒక రోజు కూలి ఎక్కువ అడిగితే ఇవ్వదగ్గ డబ్బే.

బూడిదరంగు ప్రైమర్‌తోనే నెలల తరబడి తిరిగే కార్లు చాలా కనిపిస్తాయి. "రంగు తర్వాత కొట్టిద్దాం, తుప్పు మాత్రం ఆగింది కదా" అన్న ధీమా. మామూలు సర్ఫేసర్ నీటిని ఆపేది కాదు, వాన పడితే లోపలికి ఇంకుతుంది. రంగుకు డబ్బు సర్దుబాటయ్యాకే గీకడం మొదలుపెట్టాలి.

రంగు కలవడం

కలర్ కోడ్ బానెట్ కింద ప్లేటు మీదో, డ్రైవర్ డోరు పిల్లర్ మీదో ఉంటుంది. మారుతీ సుపీరియర్ వైట్‌కు 26యూ, సిల్కీ సిల్వర్‌కు జెడ్2ఎస్ అలాంటివే. కోడ్ చెబితే మిక్సింగ్ షాపులో ఫ్యాక్టరీ రంగు వస్తుంది, కానీ పదేళ్లు తిరుపతి ఎండ తిన్న కారు రంగు ఫ్యాక్టరీ రంగు కాదు. పెట్రోలు ట్యాంకు మూతను విప్పి, పాలిష్ కాంపౌండ్‌తో రుద్ది దాని మీద పేరుకున్న పసుపుదనం తీసేసి, షాపుకు తీసుకెళ్లాలి. పాలిష్ చేయకుండా ఇస్తే మురికికి సరిపోయే రంగు వస్తుంది. కలిపిన రంగును అట్టముక్క మీద కొట్టించి, ఆరాక, నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి కారు పక్కన పెట్టి చూడాలి. తడిగా ఉన్నప్పటి రంగును నమ్మకూడదు.

తెలుపు, ఎరుపు లాంటి సాదా రంగులు దయగలవి. సిల్వర్‌ది వేరే లోకం. అందులోని అల్యూమినియం పొడి రంగు ఎంత తడిగా పడితే అంత లోపలికి దిగి ముదురుగా, ఎంత పొడిగా పడితే అంత లేతగా కనబడుతుంది. ఒకే డబ్బా రంగును ఇద్దరు కొడితే రెండు రంగులు. అందుకే మెటాలిక్ కారుకు డోరు మధ్యలో చిన్న చోటు స్ప్రే చేసి వదిలేస్తే ఎంత బాగా కొట్టినా మచ్చే. బేస్ కోట్‌ను (రంగు పొర) చుట్టూ పల్చగా కలిపేసి, క్లియర్ కోట్‌ను (పైన వేసే రంగులేని మెరుపు పొర) ఆ రేకు అంచుదాకా మొత్తం కొట్టాల్సిందే.

స్ప్రే డబ్బాతో ఇంట్లో చేసేవాళ్లు లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, బేస్ మూడు పల్చటి కోట్లు, కోటుకూ కోటుకూ పది నిమిషాలు, తర్వాత క్లియర్ రెండు మూడు కోట్లు. రేకు మొదలయ్యే ముందే నాజిల్ నొక్కి, దాటాక వదలాలి. మాస్కింగ్ టేప్‌ను రంగు అంచు దగ్గర గట్టిగా అతికిస్తే అక్కడ గట్టు ఏర్పడుతుంది. అంచును వెనక్కి మడిచి వదులుగా అతికిస్తే రంగు మెల్లగా పల్చబడి కలిసిపోతుంది. మామూలు డబ్బాలోని, హార్డ్‌నర్ లేని ఒంటి క్లియర్ పెట్రోలు చుక్కకు కరుగుతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర పనికిరాదు. అక్కడ హార్డ్‌నర్ కలిపే 2కె క్లియరే వాడాలి. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లుంటాయి. ముఖానికి కట్టుకున్న తువ్వాలుతో, కోవిడ్ నాటి గుడ్డ మాస్కుతో అవి ఆగవు. సరైన కార్ట్రిడ్జ్ రెస్పిరేటర్ లేకపోతే ఆ పని షెడ్డుకు వదిలేయడమే.

వేళ కూడా చూసుకోవాలి. మే మధ్యాహ్నం ఎండలో నిలిచిన రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద రంగు పడీపడకముందే ఆరిపోయి గరుకు తేలుతుంది, లేదా పైపొర ముందు బిగిసి లోపలి థిన్నర్ బుడగలుగా పేలుతుంది. ముసురు రోజున గాలిలో తేమ పెయింట్‌లో చేరి తెల్లగా మసకబారుతుంది. సంక్రాంతి దాటాక మార్చి మొదటి వారాల దాకా, మంచు ఆరిన తర్వాత ఉదయం తొమ్మిదిన్నర, పది మొదలు మధ్యాహ్నంలోపు, నీడలో చేసుకుంటే ఈ రెండు బాధలూ ఉండవు. పలమనేరు, కుప్పం వైపు చలి ఎక్కువ కాబట్టి ఇంకో గంట ఆగొచ్చు.

రాళ్ల దెబ్బలు

పూతలపట్టు–నాయుడుపేట హైవే మీద టిప్పర్ల వెనక పోయిన కారు బానెట్ ముందంచు చూస్తే చిన్న చిన్న చుక్కలు. వీటికి స్ప్రే అక్కర్లేదు. సూదితో చుక్కలోని ఎరుపు గెలికి, ఆల్కహాల్‌తో తుడిచి, పంటిపుల్ల కొసతో ఒక చుక్క ప్రైమర్, ఆరాక రంగు. ఒకేసారి నింపేయకుండా రెండు మూడు పల్చటి చుక్కలుగా, ఒక్కోటి ఆరాక వేస్తూ, చుట్టూ ఉన్న పెయింట్ కన్నా రవ్వంత ఎత్తు రానివ్వాలి. వారం ఆగి, సబ్బునీళ్లలో నానబెట్టిన 2000 పేపర్‌ను రబ్బరు ముక్కకు చుట్టి ఆ ఎత్తును మాత్రమే దించి, కాంపౌండ్‌తో మెరుగుపెట్టాలి. కారు క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. చేతివాటం కాస్త ఎక్కువైతే చుక్క మాయమయ్యే ముందు క్లియరే మాయమవుతుంది.

లోపలి వైపు

బయట రంగు ఆరిన తర్వాత డోరు ప్యాడ్ మళ్లీ బిగించే ముందు, లోపలి అడుగు మడతలో కేవిటీ వాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టాలి. పాత మెకానిక్‌లు దీనికి కాలిన ఇంజన్ ఆయిల్ పోయిస్తారు. అది కొంత తుప్పును ఆపినా రబ్బరు బీడింగులను ఉబ్బిస్తుంది, ఎండకు కారి కొత్త పెయింట్ మీదికి వస్తుంది, దుమ్మును ముద్దలుగా పట్టి అదే డ్రైన్ రంధ్రాలను మూసేస్తుంది. కారు కింద కొట్టే నల్ల అండర్ కోటింగ్ కూడా తుప్పు తీసి, ప్రైమర్ వేసిన రేకు మీదైతేనే మేలు. తుప్పు మీదే కొడితే దాన్ని కంటికి కనబడకుండా దాచి, తేమను లోపలే బంధిస్తుంది. అమ్మకానికి పెట్టిన పాత కారుకు అడుగంతా కొత్తగా నల్లగా మెరుస్తుంటే స్క్రూడ్రైవర్ పరీక్ష తప్పక చేయాలి.

కొత్త రంగు మీద నెల రోజుల దాకా వాక్స్ వద్దు, మిగిలిన థిన్నర్ బయటికి పోవాలి. వారం దాకా ప్రెషర్ వాష్ కూడా వద్దు. మిగిలిన రంగును హార్డ్‌నర్ కలపకుండా చిన్న గాజు సీసాలో నిండా పోసి, కోడూ తేదీ రాసి చల్లటి చోట పెట్టుకుంటే తర్వాతి రాళ్ల దెబ్బలకు పనికొస్తుంది. హార్డ్‌నర్ డబ్బా మాత్రం ఒకసారి తెరిచాక తేమ తగిలి పాడవుతుంది. దాన్ని వచ్చే ఏటికి దాచుకోకుండా, ఈసారికి కావలసినంతే చిన్న ప్యాక్ కొనుక్కోవాలి.